మూతకు కట్టిన దారం

కోడలికి అత్త పని నేర్పడం ఎక్కడైనా ఉన్నదే. ఆ వానాకాలం మా ఇంట్లో అది తిరగబడింది. నేర్పాల్సింది నేను, నేర్చుకోవాల్సింది మా అత్తయ్య. ఇద్దరిలో ఎవరు ఎక్కువ ఇబ్బంది పడ్డారో చెప్పలేను గానీ, నాకైతే మొదటి వారం అన్నం సయించలేదు.

మా అత్తయ్య టెలిఫోన్ ఆఫీసులో జాయింటరు. ఒక కేబుల్ అయిపోయి ఇంకోటి మొదలయ్యే చోట గుంతలోకి దిగి, వందలకొద్దీ సన్నటి రాగితీగల్ని జతలుగా విడదీసి, ఏది దేనికి చెందుతుందో చూసి కలిపే పని. ఆ పనిలోకి వచ్చిన మొదటి ఆడమనిషి ఆవిడే. నాలుగు రోజుల్లో పారిపోతుందని పందేలు కాసిన మగవాళ్లు, చివరికి ఆమె చేతికిందే పనిచేసి రిటైరయ్యారు. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పుకోదు. నేను మాత్రం కనబడిన ప్రతివాళ్లకీ చెబుతాను.

ఆమె కట్టిన జాయింటు చూడగానే తెలిసిపోతుంది. తీగలు కలపడం అయ్యాక, మైనం పట్టించిన నల్లదారంతో కట్టలుగా బిగించి కడుతుంది. మూలమూలకీ ఒక ముడి. ఆ ముళ్లు ఇరవై ఏళ్లయినా వదులు కావు. దారానికి మైనం పట్టించేది మా మామయ్య. ఆయన ఇంటి ముందుగదిలోనే కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడతాడు. పెళ్లయిన కొత్తలో అత్తయ్య నా మధ్యాహ్నం డబ్బాని గుడ్డలో మూటకట్టి ఇస్తే, ఆ ముడి విప్పడానికి ఆఫీసులో ముగ్గురం కలిసి కుస్తీ పట్టాం.

నేనూ అదే ఆఫీసు. కాకపోతే ఫైబర్ విభాగం. అంటే రాగికి బదులు గాజుతీగలు, కరెంటుకు బదులు వెలుగు. అత్తయ్య దృష్టిలో అది పనే కాదు. ఎవరైనా అడిగితే, "మా అమ్మాయి గాజులపని చేస్తుంది" అని చెప్పేది.

వానలు మొదలవుతూనే ఆఫీసులో కబురు చెప్పారు. ఈ వానాకాలం అయ్యేసరికి రాగి లైన్లన్నీ ఆపేస్తారు. జాయింటర్లలో ఫైబర్ నేర్చుకుని, ఒక నిజమైన పెట్టెను, అంటే గుంతలో అతుకుల్ని దాచే మూత డబ్బాను, లోపం లేకుండా కలిపి చూపించినవాళ్లు పనిలో ఉంటారు. చూపించలేనివాళ్లు గొడౌన్‌కి వెళతారు, కేబుల్ చుట్టలకు కాపలాగా. జీతంలో ఏమీ తేడా రాదు. చాలామంది సంతోషించారు కూడా, ఎండావానా లేని పని కదా అని.

అత్తయ్య ఇంటికొచ్చి, కడిగిన గిన్నెలన్నీ మళ్లీ కడిగింది. మామయ్య మిషను ఆపి, కుర్చీ వేసుకునే కాలం వచ్చిందన్నమాట అని తేలిగ్గా అన్నాడు.

"నా చేతులు ఊరికే కూర్చోలేవండీ" అంది ఆవిడ. "గొడౌన్లో పడేస్తే నేను బతకను."

తరవాత నావైపు తిరిగి, రేపటి నుంచి నేర్పుతావా అని అడిగింది. మా అత్తయ్య నన్నేదైనా అడగడం అదే మొదటిసారి. అంతకుముందు అన్నీ చెప్పడమే.

ఆ మర్నాడు ఒక పాత వీధిలో చచ్చిపోయిన రాగి లైను తొలగించే పని పడింది. నన్ను లైటు పట్టుకోమని తీసుకెళ్లింది. గుంతలో బురదనీళ్లు తోడి, పెట్టె మూత తీసింది. మూత లోపలి కొక్కేనికి రెండు దారప్పోగులు కట్టి ఉన్నాయి. ఒకటి నలుపు, ఒకటి పసుపు. వాటిని బొటనవేలితో తుడిచింది.

"ఇది నా మొదటి పెట్టె. నల్లది నాది. పసుపుది మా మేస్త్రీది" అంది. ఏమిటని అడిగితే, జాయింటర్లు తమ దారం ముక్క ఒకటి మూతకు గుర్తుగా కడతారని, మొదటి పెట్టెకు మాత్రం నేర్పినవాళ్ల దారం కూడా పక్కన కట్టాలని చెప్పింది. "పని బాగుంటే పేరు ఇద్దరికీ. చెడితే తిట్లూ ఇద్దరికీ."

ఆ రెండు పోగుల్నీ జాగ్రత్తగా విప్పి కొంగున ముడేసుకుని, పెట్టెలోని తీగల్ని తనే కత్తిరించింది. 

పాఠం మా వంటింట్లోనే మొదలైంది. గాజుతీగ ముక్క ఒకటి చేతిలో పెట్టాను. తలవెంట్రుకంత సన్నం. అలవాటుకొద్దీ దాన్ని చెవి దగ్గర పెట్టుకుంది. రాగి తీగకు టెస్ట్ ఫోన్ తగిలించి, లోపలి చప్పుడు విన్నాకే మూత పెట్టడం ఆమె పద్ధతి.

"దీనికి గొంతే లేదే. బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?" అంది.

చెబితే ఎక్కేది కాదని, ప్లాస్టిక్ సీసా ఒకటి తీసుకుని పక్కన చిల్లు పెట్టాను. సీసాలో నీళ్లు నింపి, దీపం ఆర్పి, చిల్లుకు ఎదురువైపు నుంచి టార్చి వేశాను. చిల్లులోంచి నీటిధార వంగి కింద బేసిన్‌లో పడుతోంది. ధార మధ్యలో చెయ్యి పెట్టమన్నాను. నీళ్లతోపాటే వెలుగు కూడా వంగి వచ్చి ఆమె అరచేతిలో పడింది.

అత్తయ్య చాలాసేపు అరచెయ్యి చూసుకుంది. "మళ్లీ చెయ్యి" అంది. ఆ సాయంత్రం ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. వంటిల్లంతా మడుగైంది. మామయ్య గుమ్మంలో నిలబడి, అత్తాకోడళ్లు కలిసి ఇల్లు ముంచేస్తున్నారని మురిసిపోయాడు.

వెలుగు తిన్నగా పోయేదే అయినా, గాజు లోపలి గోడను ఏటవాలుగా తాకితే బయటికి పోలేక మళ్లీ లోపలికే తిరిగొస్తుందని చెప్పాను. అలా గోడకీ గోడకీ తగులుతూ ఊళ్లు దాటిపోతుంది. మాటలూ బొమ్మలూ అన్నీ ఆ వెలుగును క్షణంలో లెక్కలేనన్నిసార్లు వెలిగించి ఆర్పుతూ పంపేవే. గాజుతీగను మరీ మడిచినా నొక్కినా మాత్రం, వెలుగు గోడను తాకే వాటం మారి బయటికి జారిపోతుంది. మేము వాడే వెలుగుల్లో అల పొట్టిది ఒకటి, అల పొడుగుది ఒకటి. రెండూ కంటికి కనబడవు. మలుపు దగ్గర ముందు జారిపోయేది పొడుగు వెలుగే.

"మనవాడు వంటింటి గుమ్మానికి తల కొట్టుకున్నట్టా?" అంది అత్తయ్య. మా ఆయన బస్సు నడుపుతాడు, తాటిచెట్టంత మనిషి, ఆ గుమ్మం దాటిన ప్రతిసారీ నుదురు తడుముకుంటాడు. అంతకన్నా బాగా నేను చెప్పలేనని ఒప్పుకున్నాను.

మామయ్యకు కడుపునొప్పి వచ్చినప్పుడు డాక్టరు నోట్లోంచి ఒక గొట్టం దింపి కడుపులోకి చూసింది. ఆ గొట్టంలో లోపలికి వెలుగు తీసుకెళ్లింది కూడా ఈ గాజుతీగల కట్టేనని చెప్పాను. అత్తయ్యకు అప్పుడు వీటిమీద గౌరవం కలిగింది.

"పెళ్లయినప్పటినుంచీ ఈయన కడుపులో ఏముందో నాకే తెలియలేదు. దీనికి తెలిసిందన్నమాట" అంది.

అసలు తంటా అతకడంలో వచ్చింది. తీగ మీది రంగు పొర ఒలవాలి, స్పిరిట్‌తో తుడవాలి, కొసను ఏ మాత్రం వాలు లేకుండా తెంపాలి. తరవాత రెండు కొసల్నీ మెషిన్లో ఎదురెదురుగా పెడితే, చిన్న మెరుపుతో కరిగి ఒకటైపోతాయి. రాగి తీగను నలిపినా ఓర్చుకుంటుంది. గాజు ఓర్చుకోదు. మొదటివారం అత్తయ్య ముట్టుకున్నదల్లా విరిగింది. విరిగిన ముక్కలు కనబడవు, వేలిలో దిగితే తీయడానికి తల ప్రాణం తోకకొస్తుంది. అందుకని ముక్కల్ని టేపుకు అంటించి డబ్బాలో వేసే పని మామయ్య తీసుకున్నాడు. ఒకరోజు ఆమె ఒలిచే పనిముట్టును విసిరేసి, గొడౌనే నయం అని లేచిపోయింది.  కాసేపటికి తనే వచ్చి, పనిముట్టు వెతుక్కుని, మళ్లీ కూర్చుంది.

పట్టిన పట్టు విడవని మనిషి. రంగుల వరస వంట చేస్తూ పాఠం పెట్టుకునేది. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ. మొదటి తీగ నీలం. నేను ఆమెకు నేర్పిన మొదటి మాట కూడా అదే. వానలు ముదిరేసరికి ఆమె వేళ్లు తేలికపడ్డాయి. ఆమె అతికిన చోట మెషిన్ చూపించే లోపం నేను అతికినదానికంటే తక్కువగా వస్తుంటే, లోలోపల కాస్త ఉడుక్కున్నాను కూడా. పైకి మాత్రం ఆఫీసంతా టముకు వేశాను.

నేర్చుకునే ముక్కలకు ఆమె ఎప్పుడూ దారం కట్టలేదు. వాటికి మైనందారం దండగ అనేది. నేనూ దాని గురించి ఆలోచించలేదు.

పరీక్షకు ఆమెకు వచ్చింది ఆసుపత్రి పెట్టె. వీధికి ఇవతల గుంత, అవతల ఆసుపత్రి. అక్కడ తీసిన స్కాన్ బొమ్మల్ని పెద్ద డాక్టర్లు దూరం నుంచి వెంటనే చూడాలంటే ఈ గాజుతీగలు కలవాలి. పాత రాగి లైన్లో ఒక్కో బొమ్మ వెళ్లేసరికి పేషెంటుకు ఓపిక నశించేది.

ముందురోజు సాయంత్రం మామయ్య మిషను దగ్గర కూర్చుని దారాలకు మైనం పడుతున్నాడు. నల్లదారం పక్కన నీలందారం కూడా ఉంటే, ఎవరి చొక్కాకో అనుకున్నాను.

పరీక్ష చూసే ఇంజినీరు గారు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పొద్దున్నే నన్ను పక్కకు పిలిచారు.

"మీరిద్దరూ ఒకే ఇంటివాళ్లు. తరవాత ఎవరూ వేలెత్తి చూపకూడదు. మీరు ఆసుపత్రిలో మీటరు దగ్గర కూర్చోండి. ఆవిడ అడిగింది చెయ్యండి, నంబర్లు చదవండి. సలహాలు మాత్రం వద్దు" అన్నారు.

ఆయన చెప్పింది న్యాయమే. నేనైనా అదే చెప్పేదాన్ని.

వాన పడుతూనే ఉంది. గుంత మీద గుడారం వేశారు. అత్తయ్య లోపలికి దిగింది, పైన ఇంజినీరు గారు నిలబడ్డారు. నేను ఆసుపత్రి ఫోన్ గదిలో, వెలుగు ఎంత చేరిందో కొలిచే మీటరు ముందు కూర్చున్నాను. మా ఇద్దరికీ మధ్య మాటకు టెస్ట్ ఫోన్లు. అవి పనిచేసేది పాత రాగి జత మీద. ఆ జతను కలిపిందీ ఆవిడే, ఎప్పుడో మా ఆయన బళ్లో చేరిన రోజుల్లో.

"వినబడుతోందా?" అంది.

పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుందని చెప్పాను.

"ఉండదూ మరి" అంది. ఆ గొంతులో గర్వం నాకు స్పష్టంగా తెలిసింది.

మధ్యాహ్నానికి అతుకులన్నీ అయ్యాయి. ఒక్కటీ విరగలేదు. ఫోన్లో ఒలిచే చప్పుడు, తుడిచే చప్పుడు, మెషిన్ కూత, అన్నీ వరస తప్పకుండా వినబడ్డాయి. తీగల్ని పెట్టెలో అమర్చేశానని, ఇక నంబర్లు చదవమని అత్తయ్య చెప్పింది. దూరాన ఆఫీసు నుంచి వెలుగు వదిలారు. నేను మొదటి తీగను మీటరుకు తగిలించాను.

పొట్టి వెలుగు బ్రహ్మాండంగా వచ్చింది. పొడుగు వెలుగు రాలేదు. అంటే వచ్చింది, కానీ సగం దారిలో ఒలికిపోయినట్టు వచ్చింది. రెండో తీగా అంతే, మూడోదీ అంతే.  ఒక్కొక్కటే చదివాను. 

అవతల గుడారం మీద వాన చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఇప్పుడేం చేస్తారని ఇంజినీరు గారు అడగడం దూరంగా వినబడింది. ఆ తరవాత ఒలిచే పనిముట్టు తీసిన చప్పుడు.  అతుకుల్ని తెంపి మళ్లీ చెయ్యబోతోంది. తప్పు అతుకుల్లో లేదు. అవి బంగారంలా ఉన్నాయి. తెంపితే తీగ పొట్టిదవుతుంది, పెట్టెలో మిగులు ఎక్కువ లేదు. నాకు జవాబు నాలుక చివర ఉంది. ఇచ్చిన మాట ఉంది. ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని పళ్లు బిగించాను.

"అమ్మాయ్, మొదటి తీగవి రెండు నంబర్లూ మళ్లీ చెప్పు" అంది.

చెప్పాను. ముందు పొట్టి వెలుగుది, తరవాత పొడుగు వెలుగుది.

"రెండో తీగవి."

అవీ చెప్పాను. 

"అంటే మనవాడి తలే తగులుతోందన్నమాట" అంది, తనలో తను అనుకున్నట్టు. తరవాత నాతో, "ఎర్ర దీపం పెట్టు."

కంటికి కనబడే ఎర్ర వెలుగును తీగలోకి పంపే దీపం మా దగ్గర ఉంటుంది. వెలుగు ఎక్కడ కారుతుంటే అక్కడ తీగ పైకి ఎర్రగా కనబడుతుంది. నేను ఒక్కో తీగకూ తగిలించుకుంటూ పోయాను. అవతల ఆవిడ గుడారం తెర దించి చీకటి చేసుకుందట. నాకు కనబడేది గోడ మాత్రమే.

"మెరిసేవన్నీ నా ముళ్లే" అంది చివరికి.

అప్పుడు అర్థమైంది నాకు. పెట్టెలో తీగల్ని చక్కగా వెడల్పుగా చుట్టింది, నేను నేర్పినట్టే. ఆ తరవాత, ఇది నిజమైన పెట్టె కాబట్టి, జాయింటరు పని అనిపించుకోవాలి కాబట్టి, మైనందారంతో మూలమూలకీ బిగించి కట్టింది. ఇన్నేళ్లుగా ఆమెకు పేరు తెచ్చిన ముళ్లు అవి. రాగి వాటికింద భద్రంగా ఉండేది. గాజుకు ఊపిరాడలేదు.

 ఫోన్లో కత్తెర చప్పుడు వినబడింది. మామయ్య దారాలు తెంపుకునే చిన్న కత్తెర, ఆవిడ సంచిలో ఎప్పుడూ ఉండేదే. ఒకటి తెగింది. ఆగింది. ఇంకోటి తెగింది. మా అత్తయ్య తన చేత్తో కట్టిన ముడిని తనే కోసుకోవడం నేనెప్పుడూ వినలేదు. ఆ చప్పుడుకి కళ్లు నీళ్లతో నిండిపోయాయి. పక్కనే ఉన్న నర్సు కంగారుపడి, ఇంటినుంచి ఏమైనా చెడ్డ కబురా అని అడిగింది. కాదు, మంచిదేనన్నాను.

"ఇప్పుడు చదువు" అంది అత్తయ్య.

చదివాను. పొట్టిది సరి, పొడుగుది సరి. రెండో తీగ సరి, మూడోది సరి. నేను గట్టిగా చదువుతున్నానని, వార్డులోవాళ్లు లేచి చూస్తున్నారని నర్సు చెప్పాకే గమనించాను.

ఇంజినీరు గారు గుంత అంచున గొంతుక్కూర్చుని, పెట్టె లోపలంతా చూశారట. బాగుందన్నారట. తను కొత్తగా చేరినప్పుడు ఊడిపోతాయేమోనని తీగలకు గట్టిగా టేపు చుట్టి, ఒక ఊరికి ఊరునే రోజంతా మూగది చేశానని కూడా చెప్పారట. తరవాత పైకి రమ్మని ఆమెకు చెయ్యి అందించారు. ఆవిడ అవసరం లేదని తనే ఎక్కి వచ్చిందట. ఇదంతా తరవాత తెలిసింది. ఆ క్షణాన ఫోన్లో నాకు వినబడింది ఒకటే.

"ఇంక పెట్టేస్తున్నా" అంది అత్తయ్య. కానీ పెట్టలేదు. చాలాసేపు ఆ రాగి లైను చప్పుడు వింటూ ఉండిపోయింది. నేనూ పెట్టలేదు. ఆ వారమే ఆ లైను ఆపేశారు.

ఆ సాయంత్రం మా ఆయన తల్లి గొప్పతనం వినాలని హడావిడిగా వంటింట్లోకి వచ్చి గుమ్మానికి నుదురు కొట్టుకున్నాడు. ఈ పొడుగువాడి పుణ్యమే ఇదంతా అని అత్తయ్య కొడుకు తల నిమిరింది. మామయ్యకు ముక్కలైన దారాలు చూపించి, మీ మైనం మరీ గట్టిదండీ అని నేరం ఆయన మీదకు నెట్టింది. నా డబ్బా మూట ముడి మాత్రం మర్నాడు కూడా అలాగే ఉంది. దాంట్లో ఆవిడ ఏమీ తగ్గలేదు.

వానలు వెనకబట్టాక ఆసుపత్రిలో కొత్త స్కాన్ గదికి లైను ఇవ్వాల్సి వచ్చింది. ఆ పని నాకు పడింది. వ్యాను నడిపే అన్న లైటు పట్టుకున్నాడు. గుంతలోకి దిగి పెట్టె మూత తీశాను. తీగలు వెడల్పుగా, హాయిగా చుట్టుకుని ఉన్నాయి. ఎక్కడా ఒక్క ముడి లేదు. మూత లోపలి కొక్కేనికి మాత్రం, గాజుకు తగలకుండా, రెండు దారప్పోగులు కట్టి ఉన్నాయి. ఒకటి నలుపు. ఒకటి నీలం.

పరీక్షకు ముందురోజు మామయ్య మిషను దగ్గర చూసిన దారం అది. అప్పటికి పని అవుతుందో లేదో ఇంకా తెలియదు. నంబర్లు రాలేదు, ఎవరూ బాగుందనలేదు. పేరొచ్చినా తిట్లొచ్చినా ఇద్దరికీ అని ఆవిడ అప్పటికే తేల్చేసుకుంది. నాతో ఒక్క మాట చెప్పలేదు.

వ్యాను అన్న పైనుంచి వంగి చూసి, ఆ దారాలేమిటని అడిగాడు. నల్లది మా అత్తయ్యదని చెప్పాను. మరి నీలంది ఎవరిదన్నాడు. నీలం పోగును బొటనవేలితో తుడిచాను.

"ఆవిడకి పని నేర్పినవాళ్లది" అన్నాను.

అంత గర్వంగా నేను ఏ మాటా అనలేదు, అంతకు ముందూ, ఆ తరవాతా. నా పని ముగించి, దారాలు నలగకుండా సర్ది, మూత పెట్టాను.